గ్లాసులో తేలిన తుప్పు రంగు నీటిది కాదు, కడ్డీది

సంపాదకులకు నమస్కారం.

మన పట్టణాల్లోనూ, ఇటీవల పల్లెల్లోనూ ఇంటింటికీ తిరిగి నీటి శుద్ధి యంత్రాలు అమ్మేవారు చేసి చూపించే ఒక ప్రయోగం గురించి మీ పత్రిక ద్వారా పాఠకులకు వివరంగా చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. వారు రెండు గాజు గ్లాసులు తీసుకుని, ఒకదానిలో ఆ ఇంటి కుళాయి నీరో బోరు నీరో పోస్తారు, రెండోదానిలో ఆర్‌ఓ యంత్రం నుంచి వచ్చిన నీరు పోస్తారు. నాలుగు లోహపు కడ్డీలున్న ఒక చిన్న పరికరాన్ని గ్లాసుకు రెండు కడ్డీల చొప్పున నీళ్లలోకి దించి ప్లగ్గు పెడతారు. ఒకటి రెండు నిమిషాలు గడిచేసరికి కుళాయి నీరు మొదట ఆకుపచ్చగా, తరవాత నల్లగా, చివరికి తుప్పు రంగులోకి మారి పైన తెట్టు, అడుగున మడ్డి కడుతుంది. ఆర్‌ఓ నీరు దాదాపు తేటగానే ఉంటుంది. ఇన్నాళ్లూ మీ పిల్లలు తాగుతున్నది ఈ మురికేనని అప్పుడు చెబుతారు. ఏ రంగు వస్తే నీటిలో ఏ విషం ఉన్నట్టో తెలిపే అచ్చు పట్టిక కూడా కొందరి దగ్గర ఉంటుంది. కళ్లెదుట జరిగినదాన్ని కాదనడం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టి, అంతవరకు ఏ ఇబ్బందీ లేకుండా ఆ నీరు తాగుతున్న కుటుంబం కూడా భయపడి, అప్పు చేసి మరీ యంత్రం కొంటుంది.

రసాయన శాస్త్రం బోధించిన వాడిగా నేను చెప్పదలచింది ఒక్కటే. ఆ గ్లాసులో కనబడే తుప్పు రంగు నీటిలో ముందునుంచీ దాగి ఉన్న మురికి కాదు. అది ఆ రెండు నిమిషాల్లో పరికరపు ఇనుప కడ్డీ నుంచి కరిగి నీటిలోకి దిగిన ఇనుము. పదో తరగతి భౌతిక రసాయన శాస్త్రంలో పిల్లలు చదువుకునే విద్యుద్విశ్లేషణే, అంటే ద్రవం గుండా కరెంటు పంపినప్పుడు జరిగే రసాయన మార్పే, అక్కడ జరుగుతుంది. ఆ పాఠం కుటుంబంలో ఎవరికి సరిగ్గా గుర్తున్నా ఈ ప్రయోగం ఎవరినీ భయపెట్టలేదు.

అసలు నీటిలోకి కరెంటు ఎలా పోతుందో ముందు చూడాలి. రాగి తీగలో ప్రవాహాన్ని మోసేవి ఎలక్ట్రాన్లు. నీటిలో ఎలక్ట్రాన్లు అలా స్వేచ్ఛగా ఈదుకుంటూ పోలేవు. అక్కడ ఆ పని అయాన్లది, అంటే ధనావేశమో రుణావేశమో ఉన్న కణాలది. పూర్తిగా శుద్ధమైన నీటిలో అయాన్లు అత్యల్పం. సుమారు 55 కోట్ల నీటి అణువుల్లో ఒక్కటి మాత్రమే హైడ్రోజన్ అయాన్‌గా, హైడ్రాక్సైడ్ అయాన్‌గా విడిపోయి ఉంటుంది కాబట్టి శుద్ధమైన నీరు కరెంటును దాదాపుగా పోనివ్వదు. మనం తాగే నీరు అలాంటిది కాదు. వాన నీరు నేలలోకి ఇంకి, రాళ్ల మధ్య నుంచి సాగేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం, సోడియం లవణాలను కరిగించుకుని వస్తుంది; వాటితో పాటు బైకార్బొనేట్, క్లోరైడ్, సల్ఫేట్ అయాన్లు ఉంటాయి. నీటికి రుచినిచ్చేవి ఇవే. మితంగా ఉన్నంతవరకు వీటి వల్ల ఆరోగ్యానికి హాని లేదు, పైగా కాల్షియం, మెగ్నీషియం మన శరీరానికి కావలసినవే. ఈ లవణాలు ఉండటం వల్లనే కుళాయి నీటిలో కరెంటు పోతుంది, ఆర్‌ఓ యంత్రం వాటిని చాలావరకు తీసేయడం వల్లనే ఆ నీటిలో సరిగా పోదు. రెండు గ్లాసుల మధ్య తేడాకు మూలం ఇంతకు మించి ఏమీ లేదు.

ఇక కడ్డీల దగ్గర జరిగేది చూద్దాం. గ్లాసులో దిగే రెండు కడ్డీలలో ఒకటి ఇనుముది, మరొకటి అల్యూమినియంది కావడం సర్వసాధారణం. పరికరం లోపలి డయోడు ఇంటి కరెంటును ఒకే దిశలో పోయేలా చేస్తుంది. కాథోడుగా పనిచేసే కడ్డీ మీదికి ఎలక్ట్రాన్లు వచ్చి చేరుతుంటాయి. అక్కడ నీటి అణువులు వాటిని తీసుకుని హైడ్రోజన్ వాయువుగా, హైడ్రాక్సైడ్ అయాన్లుగా మారతాయి. కడ్డీ చుట్టూ కనిపించే సన్నని బుడగలు ఆ హైడ్రోజన్‌వే. ఆనోడు అయిన ఇనుప కడ్డీ దగ్గర జరిగేది దీనికి వ్యతిరేకం. కరెంటు సరఫరా అక్కడి నుంచి ఎలక్ట్రాన్లను లాగేసుకుంటుంది, వాటిని ఎవరో ఒకరు వదులుకోక తప్పదు. నీటి అణువు వదులుకుంటే ఆక్సిజన్ వాయువు వస్తుంది. కానీ ఎలక్ట్రాన్లను వదులుకోవడం నీటికంటే ఇనుముకు చాలా తేలిక. అందువల్ల కడ్డీలోని ఇనుప పరమాణువు రెండేసి ఎలక్ట్రాన్లను కడ్డీలోనే విడిచిపెట్టి, తాను ధనావేశ అయాన్‌గా మారి నీటిలోకి దిగిపోతుంది. అలా దిగిన ఇనుము రెండో కడ్డీ నుంచి వచ్చే హైడ్రాక్సైడ్ అయాన్లతో కలిసి ఆకుపచ్చని ఐరన్ హైడ్రాక్సైడ్‌గా పేరుకుంటుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ దాన్ని మరింత ఆక్సీకరణం చేసినకొద్దీ రంగు ముదిరి, చివరికి గోధుమ రంగు ఫెర్రిక్ హైడ్రాక్సైడ్ అవుతుంది. వానకు తడిసిన ఇనుప గేటు మీద నెలల తరబడి పట్టే తుప్పు ఏ జాతి పదార్థమో ఇదీ ఆ జాతిదే; కరెంటు దాన్ని నిమిషాల్లో తయారుచేస్తుంది. అల్యూమినియం కూడా కొంత కరిగితే దాని హైడ్రాక్సైడ్ జిగురుగా ఉండే తెల్లని మడ్డిగా ఇందులో కలుస్తుంది. అమ్మకందారు పట్టికలో ఒక్కో విషానికి ఒక్కో గుర్తుగా చూపే ఆకుపచ్చ, నలుపు, గోధుమ రంగులు నిజానికి ఒకే ఇనుము వరుసగా దాటే దశలు. కూరలో తానే ఉప్పు వేసి, మీ కూరగాయలే ఉప్పగా ఉన్నాయని చెప్పినట్టు ఉంటుంది ఈ వాదన.

ఈ విషయం కొత్తగా ఎవరో కనిపెట్టింది కాదు. విద్యుద్విశ్లేషణ చరిత్రలో మొట్టమొదటి పుటలోనే ఇది ఉంది. ఇటలీకి చెందిన అలెస్సాండ్రో వోల్టా తాను తయారుచేసిన బ్యాటరీ గురించి 1800 మార్చిలో లండన్‌లోని రాయల్ సొసైటీ అధ్యక్షుడికి లేఖ రాశారు. ఆ వార్త తెలిసిన కొద్ది వారాలకే లండన్‌లో విలియం నికల్సన్, శస్త్రవైద్యుడు ఆంథొనీ కార్లైల్ అలాంటి బ్యాటరీనే కట్టి, దాని రెండు కొసల నుంచి ఇత్తడి తీగలను నీటిలోకి దించారు. ఒక తీగ దగ్గర హైడ్రోజన్ బుడగలు వచ్చాయి. రెండో తీగ దగ్గర బుడగలకు బదులు తీగే రంగు మారి తినివేయబడటం వారికి కనిపించింది. వారు నీటిని అనుమానించి అక్కడితో ఆగిపోలేదు. అంత తేలికగా తినివేయబడని ప్లాటినం తీగలు తెచ్చి పెట్టారు. అప్పుడు రెండు తీగల దగ్గరా బుడగలే వచ్చాయి, ఒకవైపు హైడ్రోజన్, మరోవైపు ఆక్సిజన్. నీరు ఈ రెండు వాయువులుగా విడిపోతుందని కరెంటుతో రుజువైంది ఆ విధంగానే. ఆ నీటిలో ఏముందో తేల్చుకోవడానికి వారు ముందుగా మార్చింది తీగ. మన వాకిట్లో జరిగే ప్రయోగంలోనూ అడగవలసిన మొదటి ప్రశ్న అదే: కడ్డీ మారిస్తే రంగు వస్తుందా?

కరిగిన ఇనుము ఎంతో లెక్క కట్టే సూత్రాన్ని కూడా మైకేల్ ఫారడే 1830లలోనే మనకు ఇచ్చి వెళ్లారు. విద్యుద్విశ్లేషణలో కరిగే లేదా పేరుకునే పదార్థపు ద్రవ్యరాశి, ద్రావణం గుండా పోయిన విద్యుదావేశానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఇనుము విషయంలో సుమారు 56 గ్రాములు కరగడానికి 1,93,000 కూలుంబుల ఆవేశం కావాలి (ఒక ఆంపియరు కరెంటు ఒక సెకను పాటు పోతే ఒక కూలుంబు). గ్లాసులో కరెంటు తక్కువగానే, ఆంపియరులో పదో వంతు మాత్రమే పోయిందనుకుని, రెండు నిమిషాలకు లెక్కిద్దాం. అది 12 కూలుంబులు అవుతుంది, కడ్డీ నుంచి దాదాపు మూడున్నర మిల్లీగ్రాముల ఇనుము నీటిలోకి దిగుతుంది. గ్లాసులో 200 మిల్లీలీటర్ల నీరుంటే లీటరుకు 17 మిల్లీగ్రాముల లెక్కన ఇనుము చేరినట్టు. తాగునీటిలో ఇనుము లీటరుకు ఒక మిల్లీగ్రామును మించకూడదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. అంటే తాగడానికి పనికివచ్చే నీటిని ఆ పరికరమే రెండు నిమిషాల్లో తాగడానికి పనికిరాకుండా చేస్తున్నది. సందేహం ఉన్నవారు ఎవరైనా, అలాంటి కడ్డీని వాడకముందు ఒకసారి, చాలాసేపు వాడిన తరవాత శుభ్రంగా తుడిచి ఆరబెట్టి మరోసారి సున్నితమైన త్రాసులో తూచి చూడవచ్చు. తగ్గిన బరువు ఎక్కడికి పోయిందో వేరే చెప్పనక్కరలేదు.

ఆర్‌ఓ నీటి గ్లాసు సంగతి కూడా పూర్తిగా తేల్చుకోవాలి. ఆ నీటిలో చిటికెడు వంట ఉప్పు వేసి కలిపి అదే ఇనుప కడ్డీలతో అదే ప్రయోగం మళ్లీ చేయమని అడిగితే చాలు, అదీ కొద్దిసేపట్లో తుప్పు రంగుకు తిరుగుతుంది. మనం రోజూ అన్నంలో తినే ఉప్పు వేసినంత మాత్రాన ఆ నీటిలో విషాలు పుట్టవు కదా. ఉప్పు చేసిన పనల్లా కరెంటుకు దారి ఇవ్వడం, ఆ దారి దొరకగానే కడ్డీ కరగడం మొదలవుతుంది.

ఈ ప్రయోగం వల్ల డబ్బు నష్టమొక్కటే అయితే నేను ఇంత పెద్ద లేఖ రాసేవాడిని కాదు. అసలు ప్రమాదం మరోచోట ఉంది. నిజంగా భయపడవలసిన వాటిని ఈ పరీక్ష ఏమాత్రం పట్టుకోలేదు. నల్లగొండ జిల్లాలో, ప్రకాశం జిల్లాలో తరతరాలుగా ఎముకలను వంచి మనుషులను కుంగదీసిన ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే అది హానికరం, కానీ అంత కొద్ది పరిమాణం కడ్డీల ప్రయోగంలో ఏ తేడానూ చూపించదు. ఎరువుల నుంచి, మురుగు నుంచి బావుల్లోకి చేరే నైట్రేట్ పరిస్థితీ ఇంతే. విరేచనాలకు, కామెర్లకు కారణమయ్యే సూక్ష్మజీవులు నీటి విద్యుత్ వాహకతను చెప్పుకోదగినంతగా మార్చవు. లవణాలు తక్కువగా ఉండి మురుగు కలిసిన నీరు ఈ పరీక్షలో తేటగా నెగ్గుతుంది, లవణాలు కాస్త ఎక్కువగా ఉన్న ఆరోగ్యకరమైన నీరు ఓడిపోతుంది. మూత లేని ట్యాంకులో నిలవ ఉంచిన ఆర్‌ఓ నీటిని కూడా, గ్లాసులో తేటగా ఉంది కదా అని నమ్మి పసిపిల్లలకు తాగిస్తే జరిగే హానికి బాధ్యత ఎవరిది? అలాగే, ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో రంగు తక్కువగా వచ్చిందని ఒక కుటుంబం ఆ బోరు నీటినే తాగుతూ ఉండిపోతే అది ఇంకా పెద్ద అన్యాయం.

ఆర్‌ఓ యంత్రాలు ఎవరికీ అక్కరలేదని నేను అనడం లేదు. ఫ్లోరైడ్, నైట్రేట్ పరిమితి దాటిన చోట్ల, సముద్ర తీరపు ఉప్పు నీళ్ల ఊళ్లలో, మరో మంచినీటి వనరు లేనప్పుడు అవి ఎంతో మేలు చేస్తాయి. కరిగి ఉన్న లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని, వేరే నీటి వనరు లేనప్పుడు 2,000 వరకు అనుమతించవచ్చని మన తాగునీటి ప్రమాణాలు నిర్ణయించాయి. 500 కంటే తక్కువ ఉన్నచోట ఈ యంత్రాల వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖను ఆదేశించింది కూడా. ఇళ్లలో వాడే సాధారణ యంత్రం ఒక లీటరు మంచినీరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు కాలవలోకి వదిలేస్తుందన్నది వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే వీధుల్లో గుర్తుంచుకోవలసిన విషయం. యంత్రం కావాలో వద్దో నీటి పరీక్ష ఫలితం చూసి నిర్ణయించుకోవాలి, కడ్డీల రంగు చూసి కాదు. బోరు నీటిలో నిజంగానే ఇనుము ఎక్కువగా ఉంటే దానికి కరెంటు అవసరం లేదు. తేటగా పట్టిన నీరు బకెట్టులో కొన్ని గంటలు గాలి తగిలేలా ఉంచితే తనంతట తానే ఎర్రబారుతుంది, బట్టల మీద, పింగాణీ మీద మరకలు పడతాయి.

నికెల్ పూత వేసే ప్లేటింగ్ షాపుల్లో నికెల్ పలకనే ఆనోడుకు తగిలిస్తారు. అది కరిగి నీటిలోకి దిగి, కాథోడు వద్ద ఉన్న ఇనుప సామాను మీద పూతగా పడుతుంది. ముడి రాగిని శుద్ధి చేసేదీ ఇలాగే. మలినాలున్న రాగి పలక ఒకవైపు కరిగిపోతుంటే, మరోవైపు పలుచని రేకు మీద స్వచ్ఛమైన రాగి పేరుకుంటుంది. ఆనోడు లోహం కరుగుతుందన్నది ఆ పనివాళ్లకు రోజూ కళ్లెదుట జరిగే సంగతి. అంతకంటే ఆలోచింపజేసే విషయం మరొకటి ఉంది. పరిశ్రమల నుంచి వచ్చే మురుగు నీటిని శుద్ధి చేయడానికి కావాలనే ఇనుప, అల్యూమినియం పలకలను ఇలా కరెంటుతో కరిగిస్తారు. అలా పుట్టిన హైడ్రాక్సైడ్ మడ్డి నీటిలోని మలినాలను తనకు అంటించుకుని కిందికి దిగుతుంది. నల్లగొండ పేరుతోనే ప్రసిద్ధమైన ఫ్లోరైడ్ నిర్మూలన విధానంలో పటిక, సున్నం కలిపినప్పుడు ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ చేసే పని కూడా ఇదే. నీటిని శుభ్రం చేయడానికి పనికివచ్చే ఒక ప్రక్రియను, నీరు మురికిదని నమ్మించడానికి వాడటం నన్ను ఎంతో బాధిస్తున్నది.

ఉభయ తెలుగు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖలకు నా విన్నపం ఒకటి. విద్యుద్విశ్లేషణ పాఠాన్ని పరీక్ష కోసం బొమ్మ గీయించి వదిలేయకుండా, ఈ ప్రయోగాన్నే తరగతి గదిలో పిల్లల చేత చేయించాలి. దీనికి ఖర్చు లేదు. తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీ, రెండు తీగ ముక్కలు, రెండు ఇనుప మేకులు, రెండు కొసలూ చెక్కిన రెండు పెన్సిళ్లు, ఊరి కుళాయి నీరు ఉంటే చాలు. ముందు పెన్సిళ్లను నీటిలో ఉంచి తీగలు కలిపితే వాటి లోపలి గ్రాఫైట్ దగ్గర బుడగలు నెమ్మదిగా వస్తాయి, కొద్దిపాటి నల్లని నలకలు రాలవచ్చు గాని తుప్పు రంగు రాదు. నీరు బాగా చవుడుదైతే కాథోడు మీద తెల్లని పొర కనబడుతుంది, అది సున్నపు లవణమని ఉపాధ్యాయుడు చెప్పాలి. తరవాత అదే నీటిలో పెన్సిళ్లు తీసేసి మేకులు పెడితే పది పదిహేను నిమిషాల్లో ఒక మేకు చుట్టూ రంగు మొదలవుతుంది. బ్యాటరీ తీగలను అటూ ఇటూ మారిస్తే ఇప్పుడు రెండో మేకు కరగడం మొదలుపెడుతుంది. ఇంటి కరెంటు ప్లగ్గుతో మాత్రం ఈ ప్రయోగం పిల్లలు ఎన్నడూ చేయకూడదు, అది ప్రాణాంతకం. ఇంటికి వచ్చి ప్లగ్గు పెట్టి చూపే వారి గ్లాసుల దగ్గరికి పిల్లలను రానివ్వకపోవడం కూడా అంతే అవసరం. పెన్సిళ్లతో చేసేటప్పుడు ఉప్పు వేయవద్దు, వేస్తే ఆనోడు దగ్గర కొద్దిగా క్లోరిన్ వాయువు రావచ్చు.

ఈ ఒక్క పూట ప్రయోగంతో ఆనోడు, కాథోడు, ఆక్సీకరణం, క్షయకరణం, అయాన్లు అన్నీ పిల్లల మనసులో నిలుస్తాయి. అంతకంటే ముఖ్యంగా, ఆ సాయంత్రం ఆ పిల్ల ఇంటికి వెళ్లి తల్లికి చెబుతుంది. మా ఊళ్లలో ఈ అమ్మకందారుల మాటను ఎక్కువగా నమ్మవలసి వచ్చేది, సైన్సు చదివే అవకాశం దొరకని తల్లులే.

మీ పత్రికకూ ఒక విన్నపం. నీటిని పరీక్షించుకోవాలనుకునే వారికి ఎక్కడికి వెళ్లాలో తెలియకపోవడం వల్లనే గుమ్మంలోకి వచ్చినవారి పరీక్ష నమ్మకమైనదిగా కనిపిస్తున్నది. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లాల్లో నీటి పరీక్ష ప్రయోగశాలలు ఉన్నాయి. ఫ్లోరైడ్, నైట్రేట్, నీటి కఠినత్వం, మొత్తం లవణాలు, సూక్ష్మజీవులు ఎంత ఉన్నాయో అక్కడ అంకెల్లో తెలుస్తుంది. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో మహిళలకు పరీక్ష కిట్లతో శిక్షణ కూడా ఇచ్చారు. ప్రతి జిల్లా అనుబంధంలో ఆ ప్రయోగశాల చిరునామా, నమూనా ఎంత పట్టాలి, ఏ సీసాలో పట్టాలి, రుసుము ఎంత, ఫలితం ఎన్ని రోజుల్లో వస్తుంది అన్న వివరాలను వేసవి మొదలయ్యే ముందు ఏటా ప్రచురించండి. ఆ వివరాల పక్కనే, కడ్డీల ప్రయోగంలో కనిపించే రంగు ఇనుప కడ్డీ నుంచి వచ్చేదని ఒక పెట్టెలో పెద్ద అక్షరాలతో వేయండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదోవ పట్టించి వస్తువు అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది కాబట్టి, ఫిర్యాదు చేయదలచిన వారికి జిల్లా వినియోగదారుల కమిషన్ చిరునామా కూడా అక్కడే ఇస్తే మేలు.

ఇట్లు,
విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి